చీమలు పట్టిన పెళ్లిచూపులు

ఆ రోజుల్లో పెళ్లిచూపులంటే అమ్మాయికి పరీక్ష అనేవాళ్లు. శుద్ధ అబద్ధం. నా మటుకు నాకది మూత్రపిండాల పరీక్ష, అదీ నలుగురి ముందు. అప్పుడు నేను పులివెందుల బడిలో సైన్సు అయ్యవారిని. నల్లబల్ల మీద కిడ్నీని చిక్కుడుగింజలా గీసి, అది చేసే పనంతా గడగడా అప్పజెప్పేవాణ్ని. నా సొంత కిడ్నీలు మాత్రం నా మాట వినేవి కావు. ఇన్‌స్పెక్టరు బళ్లో అడుగుపెడితే చాలు, నేను ఒంటికి పరుగెత్తాలి. (పిల్లలకు ఈ సంగతి నాకంటే ముందే తెలుసు.)

జమ్మలమడుగులో సంబంధం ఉందంటే మా మామా నేనూ బస్సులో వెళ్లాం. అమ్మాయి వచ్చి చాప మీద కూర్చుని ఒక్కసారి తలెత్తి చూసింది. చేసుకుంటే ఈ పిల్లనే చేసుకోవాలి అనుకున్నాను. అనుకున్నానో లేదో, పొత్తికడుపులో మొదలైంది. పెరట్లోకి వెళ్లొచ్చాను. కూర్చోగానే మళ్లీ. గుక్కెడు మజ్జిగైనా ముట్టలేదే, ఎక్కణ్నుంచి వస్తోందో పాడు! ఇంకోసారి లేవబోతే మామ నా పంచె పట్టుకుని లాగాడు. విదిలించుకుని పోయాను. తిరిగొచ్చేసరికి అమ్మాయిని లోపలికి పంపేశారు, వాళ్ల అవ్వ మాత్రం పెరట్లోకి వెళ్లింది. ఎందుకో అర్థమై నా ప్రాణం పోయింది. చక్కెర జబ్బుందేమోనని అనుమానమొస్తే, ఒంటికి పోయినచోట చీమలు చేరాయేమో చూడటం మా వైపు ఆనవాయితీ. ఆ జబ్బున్నవాడికి పిల్లనివ్వడమంటే గొంతు కోయడమే అనుకునేవాళ్లు.

అవ్వ వచ్చి గుమ్మంలో నిలబడింది. "గోడకాడ చీమలు బారులు తీరుండాయి. ఈ పిల్లోనికి మా పాపను ఇయ్యం."

సిగ్గుతో చచ్చిపోయాను. నేను తల ఎత్తలేదు, మామ చెప్పుల కోసం వెతుక్కుంటున్నాడు. అప్పుడు తలుపు చాటునుంచి అమ్మాయి గొంతు వినిపించింది.

"ఆ చీమలు పొద్దన్నించీ ఉండాయి అవ్వా. పాకం గిన్నె ఆడ కడిగింది నేనే."

పెళ్లిచూపుల్లో ఆడపిల్ల నోరు తెరవడమే వింత. అంతా నోళ్లు వెళ్లబెట్టారు. మామ ఆ సందు చూసుకుని, పిల్లవాణ్ని డాక్టరుకే చూపిద్దామన్నాడు. అమ్మాయి నాన్నతో సహా ప్రొద్దుటూరు వెళ్లాం. అక్కడి డాక్టరు నా సరుకును గాజుగొట్టంలో పోసి, నీలంరంగు మందు కలిపి కాచాడు. నీలం నీలంగానే ఉంది, చక్కెర లేదు.

"జబ్బేం లేదప్పా. భయపడితే నరాలు మూత్రసంచిని పిండుతాయి. వయసులో ఊరే హార్మోన్లు కూడా గుర్దాల మీద, అదే కిడ్నీల మీద, పెత్తనం చేస్తాయి. మీ పాపను చూసి బెదిరినాడు, అంతే."

కాబోయే మామగారు బస్టాండుదాకా నవ్వుతూనే ఉన్నాడు. నేను ఆయనకు పది అడుగులు వెనక నడిచాను.

ఇప్పుడు నాకు వయసు మళ్లింది. హార్మోన్లు తగ్గాయి కాబట్టి ఒంటికి ఎక్కువసార్లు లేవాల్సి వస్తోందని ఈ కాలపు డాక్టరు చెబుతున్నాడు. (ఉన్నా వాటితోనే చావు, పోయినా వాటితోనే.) మొన్న మా ఆవిడ అరిసెలకు పాకం పడుతుంటే, గిన్నె పెరట్లో కడుగు, పాత జ్ఞాపకం అన్నాను. ఆమె గరిటె పక్కన పెట్టి నావైపు చూసింది.

"పాకం గిన్నె ఎవురైనా గోడకాడ కడుగుతారా? ఆ పొద్దు మా ఇంట్లో పాకమే పట్లేదు."

"మరి నాకు నిజంగానే జబ్బుండుంటే?"

"నీ మొగం చూస్తే ఏడుస్తావేమో అనిపిచ్చింది. ఇంగేం జెయ్యాల?"

ఇన్నేళ్లూ డాక్టరుగారి గాజుగొట్టం నాకు పెళ్లి చేసిందనుకున్నాను. పొత్తికడుపులో మళ్లీ మొదలైంది. లేచి పెరట్లోకి నడుస్తుంటే వెనక ఆమె నవ్వు వినిపిస్తూనే ఉంది.