సచ్చా పత్థర్ సందులో లక్ష్మీపతి గారు

ఫరీదాబాద్‌లో మా ఎదురు ఫ్లాటు లక్ష్మీపతి గారు ఇరవై రెండేళ్లుగా ఒకే ఫ్యాక్టరీలో ఇన్‌స్పెక్టరు. ట్రాక్టర్లకు వేసే షాఫ్టులు ఆయన బల్ల మీదికి వస్తాయి. కొలత చూసే గేజ్‌లో సరిగ్గా దూరితే పాసు, లేకపోతే వెనక్కి. వెంట్రుకవాసి తేడా ఉన్నా వదలరు. ఇంట్లోనూ అంతే. దోసె గుండ్రంగా రాకపోతే దాన్ని ఓసారి, పెళ్లాం ముఖాన్ని ఓసారి చూస్తారు. ఆ చూపుకి నాకే ఒళ్లు మండేది గానీ, హైమవతి నవ్వేసి ఇంకో దోసె వేసేది.

అంత నిక్కచ్చి మనిషి కడుపులో నాలుగేళ్లుగా ఒక అబద్ధం దాగి ఉందంటే ఎవరు నమ్ముతారు?

హైమవతిది అనకాపల్లి. తోబుట్టువులంతా విశాఖపట్నం చుట్టుపక్కలే ఉన్నారు. పెళ్లయి ఢిల్లీ రైలెక్కిన రోజు నుంచీ ఆమెకు ఒకటే కోరిక, ఎప్పటికైనా అటు వెళ్లిపోవాలని. 2002లో ఆ కంపెనీ విశాఖలో యూనిట్ తెరిచి, వెళ్తారా అని లక్ష్మీపతి గారిని అడిగింది. ఆయన కాగితం మీద 'నాట్ విల్లింగ్' అని రాసి సంతకం పెట్టారు. ఇంటికొచ్చి మాత్రం, "మా మేనేజరు త్యాగరాజు గారు నన్ను వదలనంటున్నారు" అని చెప్పారు. హైమవతి మూడు రోజులు ఏడ్చింది. ఆ తర్వాత త్యాగరాజు గారితో మాటలు మానేసింది. ఆయన కూతురి పెళ్లికి కూడా వెళ్లలేదు. పాపం, తాను చేసిన నేరమేమిటో ఆయనకే తెలియదు.

2006 జనవరిలో ఒక ఆదివారం వాళ్ల అమ్మాయి శ్రుతి మమ్మల్నందరినీ ఊరవతలి కొండల్లోకి బయలుదేరదీసింది. ఫరీదాబాద్‌లోనే పుట్టిన పిల్ల, తెలుగులో అడిగితే హిందీలో జవాబిస్తుంది. అక్కడ తాటిచెట్టంత రాయొకటి నిలువునా చీలి ఉంటుందనీ, ఆ సందులోంచి అవతలికి దాటడం కాలేజీ పిల్లలకు సరదా అనీ చెప్పింది.

రాయి దగ్గర ఒక ముసలమ్మ మేకలు కాస్తోంది. ఊళ్లోవాళ్లు దాన్ని సచ్చా పత్థర్, అంటే నిజం రాయి, అంటారని ఆమే చెప్పింది. పూర్వం ఒక గేదెల దొంగ జనం తరుముకొస్తుంటే ఆ సందులో దాక్కున్నాడట. గేదెలేవిరా అంటే తెలియదన్నాడట. రాయి వాణ్ణి బిగించి పట్టుకుంది. గేదెలు ఏ వాగులో కట్టేశాడో చెప్పాక గానీ వదల్లేదు. తన తాతల కాలంలో ఊరి తగాదాలన్నీ ఇక్కడే తేలేవనీ, అబద్ధమాడినవాడు అవతలికి దాటలేడనీ ముసలమ్మ నొక్కి చెప్పింది.

లక్ష్మీపతి గారు పెద్దగా నవ్వారు. "ఇది గేజేనమ్మా! సన్నటివాడు దూరతాడు, లావుటివాడు ఆగిపోతాడు. నిజానికీ అబద్ధానికీ ఏంటి సంబంధం?" అంటూ జేబులోంచి స్టీలు టేపు తీశారు. ఆదివారం కూడా అది జేబులో ఉండాల్సిందే. సందులో బాగా ఇరుకైన చోట పన్నెండున్నర అంగుళాలు తేలింది. తర్వాత రాతికి వీపు ఆనించి నిలబడి, తన పొట్ట కొలవమని కూతురికి చెప్పారు. పన్నెండు.

"పాస్!" అన్నారు గర్వంగా.

ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కుని కొలిపించుకున్నారని మేమందరం చూశాం. ఇంకొకరి షాఫ్టు అయితే పాస్ చేసేవారా? పైగా ఆ తర్వాత మూడు సార్లు పులిహోర వడ్డించుకున్నారు. చలిగాలి తిరిగిందని స్వెటర్ మీద ఇంకో స్వెటర్ తొడిగారు. అప్పుడు తాపీగా పక్కవాటుగా సందులోకి దిగారు.

సగం దాకా బాగానే వెళ్లారు. అక్కడ ఆగిపోయారు. ముందుకూ లేదు, వెనక్కీ లేదు.

"పాపా, పేట్ అందర్ కరో!" అని, పొట్ట లోపలికి లాక్కోమని తండ్రికి శ్రుతి అరిచింది. కంగారులో ఆయన ఊపిరి ఇంకా గట్టిగా పీల్చుకున్నారు, ఇంకా బిగుసుకున్నారు. ముసలమ్మ మేకల్ని వదిలేసి వచ్చి, ఏ అబద్ధమాడావో చెప్పెయ్యమంది.

"హైమా, డాక్టరు చెప్పిన వాకింగ్‌కి నేను వెళ్లట్లేదే. మార్కెట్లో కూర్చుని జిలేబీ తింటున్నాను" అని లోపలి నుంచి సన్నగా వినిపించింది.

"చొక్కా మీద పాకం మరకలు ఉతికేది నేనేనండీ. నాకు తెలుసు" అంది హైమవతి. మేం కడుపు పట్టుకుని నవ్వాం. రాయి మాత్రం వదల్లేదు.

"ఛోటీ బాత్ తే ఇసకా పేట్ కోన్యా భరతా" అంది ముసలమ్మ. చిన్న చిన్నవాటితో రాయికి కడుపు నిండదట.

ఆయన తల అవతలి వైపు తిరిగి ఉంది. ఇటు తిప్పే వీలు లేదు కాబట్టి భార్య ముఖం కనబడదు. అందుకే చెప్పగలిగారేమో.

"వైజాగ్ వద్దని రాసిచ్చింది నేనే హైమా. త్యాగరాజు గారు కాదు. అక్కడికొస్తే నేను అనకాపల్లి అల్లుణ్ణే తప్ప ఇంకేం కాను. ఇక్కడ నాకో బల్లుంది. నేను సరే అనేదాకా ఫోర్‌మన్ కూడా ఆగుతాడు. అది వదులుకోలేకపోయాను."

ఆ మాటలతో పాటు ఆయన ఛాతీలో ఉన్న గాలంతా బయటికి పోయింది. మనిషి జారి అవతల కూలబడ్డారు. ముసలమ్మ రాతికి దండం పెట్టింది. గాలి పోతే మనిషి సన్నబడతాడని నాకు తెలుసు. అయినా నేనూ పెట్టాను.

హైమవతి కొంగు బిగించుకుని అదే సందులోకి దిగింది. ఎక్కడా ఆగకుండా అవతలికి చేరింది. ఇరవై నాలుగేళ్ల కాపురం ఈ కొండ మీద తెగిపోతుందా అనిపించింది.

"నాలుగేళ్లు త్యాగరాజు గారిని నోటికొచ్చినట్టు తిట్టించారు కదండీ నాచేత" అంది. "నన్నడిగితే ఉండిపోయేదాన్నేమో. లేదా, వెళ్దామని పోరేదాన్నేమో. ఆ జవాబు నేను చెప్పాల్సింది. అది కూడా మీరే రాసిచ్చేశారు."

లక్ష్మీపతి గారు మట్టిలోనే కూర్చుని తలెత్తి చూశారు. "తప్పయిపోయింది. ఇప్పుడడుగుతున్నాను. ఇక్కడ ఉంటావా హైమా?"

"ఆలోచించుకుని చెప్తాను" అంది.

తిరుగు దారిలోనే భర్తని త్యాగరాజు గారింటికి తీసుకెళ్లి, జరిగిందంతా భర్త నోటితోనే చెప్పించింది. త్యాగరాజు గారు పొలమారేదాకా నవ్వి, కూతురి పెళ్లి ఆల్బం తెచ్చి హైమవతి ఒళ్లో పెట్టారు.

ఆ తర్వాత తొమ్మిది రోజులు లక్ష్మీపతి గారిని చూడాలి! రోజూ ఆమె వెనకే వంటింట్లోకి వెళ్లడం, ఏమీ అడగలేక గ్లాసెడు మంచినీళ్లు తాగి వచ్చేయడం. పదో రోజు నేను పెరుగు తోడుకి వాళ్లింటికి వెళ్లినప్పుడు హైమవతి చపాతీలు ఒత్తుతోంది. గుమ్మంలో నిలబడ్డ భర్త వైపు చూడకుండానే చెప్పింది.

"ఉంటాను. ఈసారి అడిగారు కాబట్టి ఉంటున్నాను."