సూది మొన

తెనాలిలో రేపల్లె ప్యాసింజరు ఎక్కి, మా నాన్న పాత మోటారుసైకిల్ కార్బొరేటర్‌ను ఒళ్లో పెట్టుకుని తుడుస్తున్నాను. ఎదుటి సీట్లోని పెద్దావిడ చెయ్యి చాపి తీసుకుంది. దాని మీది అంకెలను వేలితో తడిమి, "మూడొందల యాభై సీసీ బండిది కదయ్యా?" అంది. నేను తెల్లబోయాను.

పెట్రోలును ఆపే సూదిని లోపల్నించి తీసి, గోటితో గీరి చూసింది.

"మొన అరిగిపోయింది. పెట్రోలు కారి వేడి ఇంజను మీద పడుద్ది. మార్చకుండా బండి తియ్యమాక."

"మీకెలా తెలుసమ్మా?"

"బాపట్లలో మాది మెకానిక్ షెడ్డు. ఆయన నన్ను సూది చూడమన్నాడు. నేను చూడకుండానే బాగుందన్నాను."

చేతిని కప్పిన పైట తొలగించి చూపించింది. మణికట్టు నుంచి భుజం దాకా చర్మం కాలి ముడతలు పడిపోయి ఉంది.

"ఆయన్ని మంటల్లోంచి లాగలేకపోయాను."

భట్టిప్రోలులో ఆవిడ కార్బొరేటర్‌ను నా ఒళ్లో పెట్టి దిగిపోయింది.

ఆ వారమే కొత్త సూది వేయించాను. అయినా కిక్ కొట్టే ముందు ప్రతిసారీ కార్బొరేటర్ కింద వేలు పెట్టి చూస్తాను.