సర్వీసు ఏమాయెరా?

మెదక్‌లో నేను నడిపిన కంప్యూటర్ సెంటర్‌కు ఒక నిరుద్యోగి అన్న రోజూ వచ్చేవాడు. కరెంటు పోయినా టైపు చేసింది పోకుండా, తెర మీద కనపడకుండా వెనకాల నడిచే, 'సర్వీసు' అనే ప్రోగ్రాం ఒకటి రాస్తుండేవాడు. స్టార్ట్ నొక్కి, మౌస్ వదిలి, బడిపిల్లాడిలా చేతులు కట్టుకునేవాడు. ప్రతిసారీ అది ఆగిపోయేది.

వాళ్ల నాయిన గుమ్మంలో నిలబడి అడిగేవాడు.

"సర్వీసు ఏమాయెరా?"

"వస్తది నాయినా."

ఆయన అడిగేది సర్కారు కొలువు సంగతి. ఉద్యమం రోజులవి. నోటిఫికేషన్ కోసం చూసిచూసి అన్నకు వయసు మీరిపోతోంది.

వయోపరిమితి ముగిసే రోజు కూడా స్టార్ట్ నొక్కి చేతులు కట్టుకున్నాడు. తెర మీద ఇంగ్లీషులో ఎర్రర్ వచ్చింది.

"ఏమంటున్నదన్నా?" అన్నాను.

"టైముకు జవాబు రాలేదంట తమ్మీ."

గుమ్మంలోంచి నాయిన అడిగాడు. "సర్వీసు ఏమాయెరా?"

అన్న కట్టుకున్న చేతులు విప్పలేదు.

"టైము దాటిపాయె నాయినా."