స్లైడు మీద సూదులు

మొన్న బుధవారం పొద్దున ఐదూ నలభైకి దుప్పటి అంచు తగిలి నా కుడికాలి బొటనవేలు భగ్గుమంది. చూసుకుంటే కీలు దగ్గర ఎర్రగా వాచి నిగనిగలాడుతోంది. ఉదయగిరిలోనూ ఆత్మకూరులోనూ ముప్పయ్యేళ్లు వైద్యం చేసినవాణ్ణి, అది యూరిక్ యాసిడ్ కీలులో పేరుకుని వచ్చే గౌట్ అని నాకు ఒకరు చెప్పనక్కర్లేదు. అయినా సొంత వైద్యం మంచిది కాదని ఆత్మకూరులో ఒక కుర్ర డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన రక్తం పరీక్ష చేయించి, యూరిక్ యాసిడ్ మామూలుగానే ఉంది కాబట్టి గౌట్ కాకపోవచ్చన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఒకప్పుడు నేనూ ఆ మాటే అన్నాను.

అప్పుడు ఉదయగిరిలో ఒక చిన్న ఆసుపత్రిలో పనిచేసేవాణ్ణి. ల్యాబు చూసుకునేది మా ఆవిడే. మాకు పెళ్లయి ఏడాది. ఇంట్లో ఏమండీ అని పిలిచేది, రోగుల ముందు మాత్రం సార్ అనేది. ఆమె పోయి రెండేళ్లయింది.

ఒక వేసవిలో మర్రిపాడు వైపు నుంచి గొర్రెల కాపరి ఒకాయన తమ్ముడి భుజం పట్టుకుని కుంటుకుంటూ వచ్చాడు. బొటనవేలు వాచి ఉంది, పక్కనే మూడు వాతలు, అందులో ఒకటి పుండై రసి కారుతోంది. కీళ్ల నొప్పికి కొడవలి కాల్చి వాత పెట్టడం మన ఈడు వాళ్లందరూ చూసిందే. నేను చీవాట్లు పెట్టబోతే ఆయన అడ్డం వచ్చాడు.

“గొర్రె కుంటితే వాత పెడతాం, నయమైతాది. మనిషికి పెడితే తప్పేంది సార్?”

ఐదు రోజుల్లో మందను కొండాపురం వైపు కోతలైన చేలల్లో ఎరువుకు కట్టేందుకు తోలుకుపోవాలని, రైతులకు మాటిచ్చినానని, ఎట్లయినా నడిపించమని బతిమాలాడు. యూరిక్ యాసిడ్ చూస్తే మామూలుగా ఉంది, కాబట్టి గౌట్ కాదన్నాను. వాత పుండులోంచి చీము కీలులోకి దిగిందని నేను తేల్చేసి, కోయడానికి కత్తి సిద్ధం చేసుకున్నాను. కోస్తే ఆ పుండు ఎన్నాళ్లకు మానేదో, మంద ఏమయ్యేదో.

“ఏమండీ, ఆగండి” అంది మా ఆవిడ ల్యాబు గుమ్మంలోంచి.

రోగి ముందు ఆ పిలుపు వినడం నాకదే మొదటిసారి. నొప్పి వచ్చాక కదా వాత పెట్టింది, మరి ఆ నొప్పి ఎందుకొచ్చిందని అడిగి, కీలులోంచి రెండు చుక్కల నీరు తీసి ఇమ్మంది. ఇష్టం లేకుండానే పుండు లేని వైపు నుంచి తీసి ఇచ్చాను. ఆమె సూక్ష్మదర్శిని మీదకు వంగి చాలాసేపు చూసింది, రంగు వేసి మరో స్లైడు చూసింది, తర్వాత నన్ను పిలిచి పక్కకు జరిగింది. క్రిములు లేవు. తెల్లకణాల మధ్య, కొన్నిటి లోపల కూడా, సన్నని సూదుల్లా యూరిక్ యాసిడ్ స్ఫటికాలున్నాయి, అంటే గౌటే. గౌట్ నొప్పి ముదిరిన రోజుల్లో రక్తపరీక్ష మామూలుగా రావచ్చునని నేను చదివిందే, మరిచిపోయాను.

తీరిగ్గా అడిగితే, నొప్పికి ముందు మూడు రోజులు బంధువుల ఇంట దేవర, అంటే అమ్మవారి కొలుపు జరిగిందని, పొద్దూ మాపూ పొట్టేలు తలకాయ కూర, కార్జం తిన్నాడని తెలిసింది. గౌట్‌ను రేపేది అలాంటి మాంసమే.

“ఇంక గొర్రెకూ నీకూ ఒకటే వైద్యం అనబాకన్నా. గొర్రె తలకాయ కూర తినదు గదా!” అంది మా ఆవిడ.

తమ్ముడు పకపకా నవ్వాడు. కాపరికీ నవ్వు ఆగలేదు. “నగించబాక తల్లీ, వేలు గుంజతా ఉండాది” అన్నాడు.

మాత్రలిచ్చి, వాత పుండుకు కట్టు కట్టి పంపాం. ఐదో రోజున మంద ఉదయగిరి మీదుగా పోతుంటే ఆయన ఆసుపత్రి ముందు ఆగి, నన్ను కాదు, ఆమెను చూసి చేయి ఎత్తి దండం పెట్టాడు.

మొన్న ఇదంతా కుర్ర డాక్టరుకు చెప్పి, నా వేలి కీలు నీరు కూడా చూడమన్నాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. అది చూడగలిగినవాళ్లు ల్యాబులో లేరన్నాడు, కానీ నా మాట మీద గౌట్ మాత్రలే రాశాడు. వాపు తగ్గింది, నిన్నటి నుంచి వాకిట్లో నడుస్తున్నాను. ఆమె సూక్ష్మదర్శిని గుడ్డ కప్పి బీరువాలో ఉంది. ఆత్మకూరులో ఇప్పుడు కీలు నీరు తీసి స్లైడు మీద ఎవరూ చూడరు.