మామిడికుదురు వారి నియాండర్తల్

మా బడి సైన్సు ప్రదర్శనకి పుర్రె అవసరపడి, శుక్రవారం ఉదయం అమలాపురంలో తొమ్మిదింటి బస్సెక్కాను. నేను జీవశాస్త్రం పంతుల్ని. నా పాత శిష్యుడు ప్రభుదాసు ఇరాక్‌లో షానిదార్ గుహ తవ్వకాల వాళ్ళకి వంట చేసి, అక్కడ దొరికిన నియాండర్తల్ ఆదిమానవుడి పుర్రెకి ప్లాస్టర్ నకలొకటి మామిడికుదురు తెచ్చుకున్నాడు. అందరూ బంగారం తెచ్చుకుంటారు. వీడి అభిరుచి వేరు.

కోనసీమ బస్సులో పక్కవాళ్ళు పేరడగరు, ఎవరి తాలూకని అడుగుతారు. దిగేలోగా కొబ్బరి వ్యాపారి ఒకాయన నాకు మేనత్త వైపు చుట్టమని తేల్చేశాడు. ఎందుకెళ్తున్నానో చెప్పాక మాత్రం బంధుత్వం కొంచెం దూరం చేశాడు.

పదిన్నరకి ప్రభుదాసు ఇల్లు చేరితే వాకిట్లో షామియానా ఉంది. లోపల కుర్చీలో, తెల్లగుడ్డ మీద, పుర్రె. ఎదురుగా పాస్టరుగారు, ఇద్దరు సంఘ పెద్దలు. ఆ సాయంత్రమే దాన్ని సమాధి చేస్తారట. రేపే నా ప్రదర్శన.

పెద్దలకున్న సందేహమల్లా ఈయనకి బాప్తిస్మం అయిందా అని. ఈయన జలప్రళయానికి ముందువాడా తర్వాతవాడా అని ఒకాయన నన్నడిగారు. వేల వేల ఏళ్ళ కిందటివాడన్నాను. అయితే మన పద్ధతులు తెలిసుండవు, తప్పు పట్టలేమని ఆయన తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు.

ఇది ఉత్త ప్లాస్టర్ అని నేను మొత్తుకున్నాను. ప్రభుదాసు తల్లి ఎస్తేరమ్మగారు గోడ మీద భర్త ఫోటో చూపించారు.

"అదీ కాయితమేనండి."

పిల్లలు దీన్నెందుకు చూడాలో చెబితే కరుగుతారనుకున్నాను. ఈ మనిషికి ఒక కన్ను పోయింది, ఒక చెయ్యి ఎండిపోయింది, కాలు కుంటి. అయినా ఏళ్ళ తరబడి బతికాడంటే, పక్కవాళ్ళు కనిపెట్టుకుని చూసి ఉంటారు. అంతా చెప్పాను. అదే నేను చేసిన పొరపాటు. ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకున్నారు.

"మావోరు కువైట్‌లో పోయేరండి. శవం రాలేదు. అక్కడెవరో దయగలోళ్ళు మట్టి చేసేరు. ఆ వైపు నుంచి ఈయనొచ్చేరు. ఈయన్ని మనం మట్టి చెయ్యొద్దాండీ?"

కువైట్ వేరు, ఇరాక్ వేరని ప్రభుదాసు మెల్లగా అన్నాడు. మన ఊరూ నగరం ఊరూ లాగా పక్కపక్కనేగా అని ఆవిడ కొట్టిపారేశారు. నాకిక వాదించాలనిపించలేదు.

మధ్యాహ్నం చేపల పులుసుతో భోజనం. పుర్రెని కూడా బల్ల దగ్గరికి జరిపారు, మంచి కన్ను మా వైపు ఉండేలా. నేను తల వంచుకుని తింటున్నాను. పిల్లలు ఈయన్ని చూసి నవ్వుతారా అని ఎస్తేరమ్మగారే అడిగారు. నవ్వనివ్వనన్నాను. ఈయనకి అన్నం పెట్టినవాళ్ళ సంగతి కూడా చెబుతారా అన్నారు. ముందు అదే చెబుతానన్నాను. ఆవిడ పాస్టరుగారి వైపు తిరిగి, సమాధి ఆదివారానికి మార్చమన్నారు. పెట్టెలో దాచిన భర్త బండారులంక నేత తువ్వాలు తీసి, పుర్రెకి చుట్టి, నా చేతుల్లో పెట్టారు. దార్లో ఎండ తగలనివ్వకండన్నారు.

నాలుగింటి బస్సు కిక్కిరిసి ఉంది. పుర్రె కోసం వెళ్ళినవాణ్ణి, ఒక ఇంటి మనిషిని వెంటబెట్టుకుని వస్తున్నట్టుంది. కుదుపుకి తువ్వాలు జారింది. సీట్లో కూర్చున్న ముసలాయన పుర్రెని తేరిపార చూశారు. బెదరలేదు.

"ఎవరి తాలూకండి?"

మనందరి రక్తంలోనూ ఈ నియాండర్తల్ వాళ్ళది కాస్త ఉందనే పాఠం నా నాలుక మీదే ఉంది.

"మామిడికుదురు ఎస్తేరమ్మగారి తాలూకండి."

"ఆయ్" అని ఆయన జరిగి, మా ఇద్దరికీ చోటిచ్చారు.