ఎక్కడా దొరకని బాణీ

అమీర్‌పేటలో కోర్సుల బోర్డులన్నీ ఏఐ బోర్డులుగా మారిపోయిన ఏడాది, అక్కడే ఒక కోచింగ్ సెంటర్ పైఅంతస్తులో ఉన్న చిన్న స్టూడియోలో పనిచేసేదాన్ని. దుకాణాల ప్రకటనలకు పాటలు చేసేవాళ్లం. చేయడమంటే, నేను కూనిరాగం తీసి ఫోన్‌లో పంపితే, మా సార్ దాన్ని యంత్రానికి వినిపించేవారు. అది వాయిద్యాలూ గొంతూ కలిపి పాట చేసి ఇచ్చేది.

నలుగురిలో నాకు నోరు పెగలదు. హాస్టల్ డాబా మీద బట్టలు ఆరేస్తుంటే మాత్రం రాగాలు వాటంతటవే వచ్చేవి. అలా వచ్చిన ఒకటి నగల దుకాణం ప్రకటనై ఊరంతా మోగింది. మెట్రోలో నా పక్కన నిల్చున్న అమ్మాయి దాన్నే పాడుకుంటోంది. వీడియో కింద ఉన్నది సార్ పేరు. నా పేరు కూడా వేయమని, ఎదురుగా అడగలేక, మెసేజ్ పెట్టాను. ఆయన దాన్ని ఆఫీసులో అందరికీ పైకి చదివి వినిపించారు.

"నువ్వు తీసింది కూనిరాగమేగా అమ్మా. పాట చేసింది మెషిను. కూనిరాగాలకి పేర్లు వేసుకుంటూ పోతే, మా బాత్రూమ్ గోడ చాలదు!"

అందరూ నవ్వారు. వాళ్లతో పాటు నేనూ నవ్వాను. నా చేత ఆ నవ్వు నవ్వించినందుకే ఆయన్ను క్షమించలేదు. రోజూ రాసే డైరీ ఆ వేళ తెరవలేదు. రాస్తే కోపం చల్లారుతుంది.

తర్వాత పంజాగుట్టలో కొత్తగా తెరవబోయే పెళ్లి పట్టుచీరల దుకాణం ప్రకటన పని వచ్చింది.

"పల్లె వాసన కొట్టాలమ్మా. ఎవరూ విననిది కావాలి," అన్నారు సార్. ఆయనది కోస్తా. నాది మెదక్ వైపు పల్లె. దుకాణం యజమానిదీ మా వైపేనని నాకు తెలుసు.

మా దగ్గర ఇంట్లో మనిషి పోతే ఆడవాళ్లు చుట్టూ కూర్చుని శోకం పెడతారు. అది ఉత్త ఏడుపు కాదు, దానికో రాగం ఉంటుంది. పైనుంచి మెట్లు దిగినట్టు దిగి, చివర ఊపిరి దగ్గర విరుగుతుంది. మా నాయనమ్మ శోకం పెడితే దారిన పోయేవాళ్లు ఆగిపోయేవారు. ఆ రాగాన్నే కాస్త వేగం పెంచి, హుషారుగా తీసి పంపాను.

యంత్రం దానికి సన్నాయి, డోలు తొడిగింది. బాణీ తయారవగానే కాపీని పట్టే సాఫ్ట్‌వేర్‌లో వేసి చూడటం మా స్టూడియో పద్ధతి. పోలిక దొరక్కపోతే అది ఒరిజినల్ కిందే లెక్క.

"ఎక్కడా లేదు!" అని సార్ బల్ల చరిచారు.

ఎలా ఉంటుంది? చావింట్లో ఫోన్ ఎత్తి రికార్డు చేసే మనుషులు మా ఊళ్లో లేరు.

దుకాణం తెరిచిన రోజు సార్ మైకు అందుకున్నారు. "ఈ బాణీ అచ్చంగా నాదండీ. మెషిన్‌కి ఇంత ఫీల్ ఎక్కణ్ణించి వస్తుంది?"

పాట మొదలైంది. ముందు వరుసలో కొత్త చీరలు కట్టుకుని యజమాని తరఫు ముసలమ్మలు కూర్చున్నారు. రెండో చరణానికి ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. యజమాని తల్లి కంగారుగా లేచి నిలబడింది.

"ఎవలు పోయిండ్రు బిడ్డా?"

"ఎవలు పోలేదే అమ్మా, పాట గది."

"పాట గాదురా, పీనుగు మీది శోకం! పెండ్లి చీరల కాడ గిదేందిరా? బంద్ చెయ్యుండ్రి!"

ఆమె కళ్లు తుడుచుకుంటుంటే నాకు కలుక్కుమంది. సార్ మొహం చూశాక ఆ బాధ కూడా పోయింది.

యజమాని ఆయన మీదికి వచ్చాడు. "ఏందన్నా గిది? మా అమ్మ ఏడుస్తుంది జూడు. ఎవలు చేసిండ్రు?"

"నేను కాదండీ... మెషిన్... మెషిన్ చేసిందండీ," అంటూ సార్ నా వైపు చూశారు. దాంతో అందరూ నా వైపే చూశారు. ఇంకెప్పుడైనా అయితే తల దించుకునేదాన్ని.

దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

"గట్లంటరేంది సార్? అచ్చంగా మీదే అని గిప్పుడే అన్నరు కద."

ఆయన చేతిలో మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. నా గొంతు బయట రోడ్డు దాకా వినిపించింది.