దస్తీ వేసిన జాగ

మందమర్రిలో మా బాపు బొగ్గుగనిలో పనిచేసేవాడు. మాకిచ్చిన క్వార్టర్‌లో గదులు రెండు, మనుషులం ఏడుగురం. అంతమందిమి ఒకరి కాలు ఒకరం తొక్కకుండా బతకడానికి బాపు ఒక పద్ధతి పెట్టాడు. ప్రతి వస్తువుకూ గోడమీద ఒక మేకు. డ్యూటీ సంచికి ఒకటి, గొడుగుకు ఒకటి, టార్చిలైటుకు ఒకటి. గొడుగు మేకుకు సంచి కనిపించిందో, ఆ రోజు ఇల్లు పీకి పందిరేసేవాడు. మనుషులకు మేకులు కొట్టలేదు గానీ అన్నానికి ఎవరు ఎక్కడ కూర్చోవాలో అదీ ఖాయమే. నా చోటు తలుపు వెనక. చుట్టాలు వచ్చిన రోజు ఆ ఏర్పాటంతా తారుమారై, నేను కంచం పట్టుకుని వాకిట్లో తినేవాణ్ణి. అయినా బాపు పద్ధతి మీద నాకు మహా గురి. ఆయన ముక్కుమీది కోపం కూడా నాకు పూర్తిగా వచ్చింది.

డిగ్రీ అయ్యాక, తొంభై ఎనిమిదిలో, కరీంనగర్‌లో ఒక కంప్యూటర్ సెంటర్‌లో చేరాను. గది అద్దెకు తీసుకుని అక్కడే ఉండేవాణ్ణి. సెంటర్‌లో ఇద్దరికి ఒక మిషన్. నాకు జోడీగా వచ్చిన అమ్మాయి వేములవాడ నుంచి రోజూ బస్సులో వచ్చేది. వాళ్ళకు గుడి దారిలో గాజుల కొట్టు. జాతర జనంలో పుట్టి పెరిగిన పిల్ల కాబట్టి ఎంత రద్దీలోనైనా నింపాదిగా ఉండేది. మొదటిరోజే కుర్చీ తను తీసుకుని స్టూలు నా వైపు తోసింది.

"నువ్వు పొడుగున్నవ్. స్టూలు మీద కూసున్నా నీకు కనవడ్తది" అంది.

చదువు చివర్లో ఇద్దరం కలిసి ఒక ప్రోగ్రాం రాసి పరీక్షకు చూపించాలి. గ్రంథాలయంలో ఏ పుస్తకం ఎవరి దగ్గరుందో తెలిపే ప్రోగ్రాం ఎంచుకున్నాం. తెరమీద ఒక కిటికీ తెరుచుకోవాలి, అందులో పుస్తకం పేరు రాసే గడి, మనిషి పేరు రాసే గడి, కింద మూడు బటన్లు. చూడ్డానికి ఇంతే. దాన్ని అమర్చే పని నేను నెత్తికెత్తుకున్నాను. బాపు కొడుకుని కదా, గ్రాఫ్ కాగితం ముందేసుకుని ప్రతిదానికీ మేకు కొట్టాను. ఈ గడి ఎడమ అంచుకు ఇంత దూరం, పై అంచుకు ఇంత. ఆ బటన్ దానికింద ఇంత. నాలుగు రోజులు పట్టింది. చివరికి అద్దంలా వచ్చింది. ఆమెను పిలిచి చూపిస్తే "ముద్దుగుంది" అంది. నాకు ఆ మాట రెండు రోజులు సరిపోయింది.

మూడో రోజు మా మిషన్ పాడైంది. సార్ మమ్మల్ని మూలనున్న పాతదానికి మార్చారు. దాని తెర చిన్నది. అక్కడ మా ప్రోగ్రాం తెరిస్తే కుడివైపు గడి సగానికి తెగిపోయింది, మూడు బటన్లూ తెర కిందికి ఎక్కడికో పోయాయి. సార్ వెనకనుంచి వంగి చూసి, "ఏందివయా, గింత కష్టపడి బటన్లు టేబులు కింద పెట్టినవా?" అన్నారు. క్లాసంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండి, గ్రాఫ్ కాగితం చింపి చెత్తబుట్టలో వేశాను.

ఆమె నవ్వలేదు. మరునాడు పొద్దున వస్తూనే మాట మొదలుపెట్టింది.

"రోజు నేనచ్చే బస్సు జూసినవా? కండక్టర్ ఎవ్వలకన్న నువ్వు గీడ నిలవడు, నువ్వు గాడ నిలవడు అని జాగ కొలిచి చెప్తడా?"

"చెప్పడు."

"జరుగుర్రి, జర లోపటికి జరుగుర్రి అంటడు. గంతే. బస్సు చిన్నదైతె ఒత్తుకుంటరు, పెద్దదైతె ఇరాముగ నిలవడ్తరు. మనం గూడ గట్లనే చెయ్యాలె. జాగ మనం చెప్పద్దు. ఎవ్వలెన్క ఎవ్వలుండాలె, గదే చెప్పాలె."

అలాంటి కండక్టర్ మేం నేర్చుకుంటున్న భాషలోనే ఉన్నాడు. పుస్తకంలో ఆ పాఠం నేను దాటేశాను, ఆమె చదివింది. కంటైనర్ అని దాని పేరు. ఆమె దాన్ని డబ్బా అనేది. అడ్డం డబ్బాలో వేసినవి పక్కపక్కన నిలబడతాయి, నిలువు డబ్బాలో వేసినవి ఒకదాని కింద ఒకటి. డబ్బాలో ఇంకో డబ్బా పెట్టొచ్చు. తెర పెరిగితే ఎవరు పెరగాలి, ఎవరు ఉన్నంతలోనే ఉండాలి అన్నది మాత్రం మనం చెబుతాం. మిగతాదంతా వాటికవే సర్దుకుంటాయి. ఆమె మాటలో సదురుకుంటాయి.

అన్నిటికన్నా నాకు వింతగా తోచింది కంటికి కనిపించని ముక్క ఒకటి. దానిమీద అక్షరం ఉండదు, రంగు ఉండదు. రెండు బటన్ల మధ్య పెడితే మిగిలిన చోటంతా అది ఆక్రమించుకుని చెరొకదాన్నీ చెరో అంచుకు నెడుతుంది. తెరమీద చోటు లేకపోతే మాత్రం ముడుచుకుపోయి ఉన్నట్టే తెలియదు. దానికి ఆమె పెట్టిన పేరు దస్తీ.

ఆ పేరు ఎందుకో మా వైపు బస్సెక్కినవాళ్ళకు చెప్పక్కర్లేదు. బస్సు ప్లాట్‌ఫారం మీదికి వస్తుండగానే జనం కిటికీల్లోంచి చేతులు దూర్చి సీటు మీద దస్తీ వేస్తారు. జేబురుమాలు పడిందంటే ఆ సీటు ఆ మనిషిది. ఎంత గడుసువాడైనా దాన్ని తీసి పక్కన పెట్టి కూర్చోడు. నేను పొడుగు కాబట్టి సాయంత్రం ఐదింటి వేములవాడ బస్సులో ఆమెకు సీటు పట్టే పని నాదైంది. క్లాసువాళ్ళం నలుగురం బస్టాండుకు వెళ్ళేవాళ్ళం. నేను పరుగెత్తి నా నీలం అంచు దస్తీ కిటికీలోంచి విసిరేవాణ్ణి. ఆమె నిదానంగా ఎక్కి, దస్తీ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. మరునాడు పొద్దున అది నాలుగు మడతలతో కీబోర్డు పక్కన ఉండేది. దాన్ని వెంటనే జేబులో పెట్టుకోవడానికి మనసొప్పేది కాదు. కాసేపు అక్కడే ఉండనిచ్చేవాణ్ణి.

వారం పదిరోజుల్లో ప్రోగ్రాం మొత్తం డబ్బాల్లోకి మార్చాం. ఇక ఒక్క కిటికీ మిగిలింది. ప్రోగ్రాం ఎవరు రాశారో చెప్పేది, మా ఇద్దరి పేర్లుండేది. అది తను చేస్తానంది. నేను రెండు రోజులకు మందమర్రి వెళ్ళాను. వెళ్ళింది అవ్వతో, అంటే మా అమ్మతో, ఆ పిల్లను చేసుకోవాలనుందని చెప్పడానికే. అవ్వ పొయ్యి ముందు నుంచి లేవకుండానే అంతా విన్నది.

"ముందుగాల పిల్లనడుగు. ఆమె ఊకొడితె మీ బాపుకు నేను జెప్త" అంది.

బాపుతో మాట్లాడతానని మా అవ్వ తనంతట తాను అనడం నేనెప్పుడూ వినలేదు. మరునాడు కరీంనగర్ బస్సులో దారిపొడుగునా ఎలా అడగాలో మాటలు కూడబలుక్కున్నాను.

నేను క్లాసుకు వెళ్ళేసరికి ఆమె ముందే వచ్చి ఉంది. తెరమీద మా కిటికీ తెరిచి ఉంది. ఆమె లేచి నిలబడి, నా మొహం వైపు చూడకుండా అంది.

"నీ పేరు పక్కపొంటి దస్తీ ఏసిన. జూస్కో."

చూశాను. నా పేరు, దాని పక్కనే ఆమె పేరు. మధ్యలో ఖాళీ ఏమీ కనిపించలేదు. ఆ తెర చిన్నది, రెండు పేర్లకే సరిపోయింది. చోటు లేక దస్తీ ముడుచుకుపోయింది, అంతే, మధ్యలోనే ఉందనుకున్నాను. బటన్ల మధ్య పెట్టినట్టే మా పేర్ల మధ్యా పెట్టింది, చెరో అంచుకు నెట్టింది, అడగకముందే జవాబు చెప్పింది అనుకున్నాను. ప్రోగ్రాం తెరిచి చదివితే అర నిమిషంలో తేలేది. చదవలేదు. చదవనివ్వలేదు నా కోపం.

"జూసినవా?" అంది.

"జూసిన."

"మరి?"

"బాగనే ఉంది. ఎవ్వల జాగల వాల్లుంటె మంచిదే."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని పరీక్షకు కావలసిన కాగితాలు సర్దింది. ఆ రోజంతా మేం పనికి సంబంధించిన మాటలే మాట్లాడుకున్నాం. మర్నాడు పరీక్ష. అదే చిన్న తెరమీద చూపించాం, మంచి మార్కులే వచ్చాయి. సార్ మిఠాయి తెప్పించారు. సాయంత్రం అందరూ బస్టాండుకు బయల్దేరుతుంటే తలనొప్పి అని చెప్పి నేను గదికి పోయాను. ఆమె ఆ రోజు వేములవాడ దాకా నిలబడే పోయిందని తర్వాత ఒక స్నేహితుడు చెప్పాడు. పక్క సీటతను లేచి చోటిచ్చినా కూర్చోలేదట. మందమర్రి వెళ్ళేముందు నేను వేసిన నీలం అంచు దస్తీ ఆమె దగ్గరే ఉండిపోయింది.

ఎండాకాలంలో ఆమె పెళ్ళయింది. పెళ్ళికొడుకుది గల్ఫ్‌లో ఉద్యోగమట. క్లాసువాళ్ళందరికీ పత్రికలొచ్చాయి. నాకు కూడా వచ్చింది. నేను పోలేదు. మందమర్రి వెళ్ళినప్పుడు అవ్వ ఒక్కసారే అడిగింది, "పిల్లేమన్నది?" అని. "ఒద్దన్నది" అన్నాను. నిజమని నమ్మే చెప్పాను.

మరుసటి ఏడు వానాకాలానికి నాకు ఇంకో కంప్యూటర్ సెంటర్‌లో పాఠాలు చెప్పే పని దొరికింది. కరీంనగర్‌లోనే. అక్కడికి కొత్తగా పెద్ద తెరల మిషన్లు వచ్చాయి. డబ్బాల పాఠం వచ్చిన రోజు ఉదాహరణగా మా పాత ప్రోగ్రాం ఫ్లాపీలోంచి తీసి తెరిచాను. బస్సు, కండక్టర్, జరుగుర్రి, అంతా ఆమె మాటల్లోనే చెప్పుకుపోయాను. నా సొంత తెలివన్నట్టే చెప్పాను కూడా. ఒక్కో కిటికీనీ లాగి తెర నిండా పరిచి చూపించాను. గడులు సాగాయి. బటన్లు అంచులకు పోయి నిలబడ్డాయి. ఆ ఊపులో పేర్ల కిటికీ కూడా తెరిచి పెద్దది చేశాను.

ముందు వరసలో బడిపంతులు ఒకాయన కూర్చునేవాడు, నాకన్నా ఇరవై ఏళ్ళు పెద్ద. ఆయన చెయ్యెత్తాడు.

"సార్, అన్ని జరిగినయ్. గా రెండు పేర్లెందుకు జరుగుతలెవ్వు?"

చూశాను. అంత పెద్ద తెరమీద, సరిగ్గా మధ్యలో, నా పేరూ ఆమె పేరూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి. వాటికి అటూ ఇటూ ఖాళీ. కిటికీని చిన్నది చేశాను, మళ్ళీ పెద్దది చేశాను. ఎంత లాగినా ఖాళీ అటూ ఇటూనే పెరిగింది. పేర్లు రెండూ వెంట్రుకవాసి కూడా విడిపోలేదు.

క్లాసువాళ్ళను పది నిమిషాలు బయటికి పంపి ప్రోగ్రాం తెరిచాను. ఆ రెండు పేర్లనూ విడిగా ఒక చిన్న డబ్బాలో పెట్టింది. దానికి అటొక దస్తీ, ఇటొక దస్తీ. నా పేరు వైపున్న దానికి నీ_దస్తీ అని, తన పేరు వైపున్న దానికి నా_దస్తీ అని ఇంగ్లీషు అక్షరాల్లో పేర్లు పెట్టుకుంది. మూడో మనిషి రాకుండా రెండు పక్కలా దస్తీలు వేసి, మా ఇద్దరికీ సీటు పట్టింది. బస్టాండులో దస్తీ దేనికి వేస్తారో రోజూ వేసిన నాకే తట్టలేదు. అడగవలసింది నేనైతే ముందు ఆమే అడిగింది. ఎవ్వల జాగల వాల్లుంటె మంచిదే అని నేను చెప్పింది ఆ పిల్లకు.

ఆ మధ్యాహ్నం పాఠం ఎలా ముగించానో గుర్తులేదు. ఆమెను ఒక్కసారి చూడాలని, ఆ మాట నేను తప్పుగా విన్నానని చెప్పాలని ప్రాణం కొట్టుకుపోయింది. చెబితే మాత్రం ఇప్పుడు ఆమె ఏం చేసుకుంటుంది? ఆ ఎరుక ఉండబట్టే ఆమెను వెతుక్కుంటూ పోలేదు, కాళ్ళు మాత్రం అలవాటుగా బస్టాండుకు పోయాయి.

ఐదింటి వేములవాడ బస్సు వచ్చింది. జనం ఎగబడ్డారు. నాకు తెలియకుండానే నేనూ పరుగెత్తాను. కిటికీలోంచి చెయ్యి దూర్చి జేబులోని దస్తీ సీటు మీద వేశాను. ఎవరికోసం అంటే చెప్పలేను. బస్సు నిండిపోయింది, నిలబడేవాళ్ళు నిలబడ్డారు, ఆ ఒక్క సీటూ అలాగే ఉంది. కండక్టర్ లోపలినుంచి జరుగుర్రి జరుగుర్రి అని అరుస్తున్నాడు. నెత్తిన గంపతో ఎక్కిన ఒక ముసలామె సీటు పక్కన నిలబడి, కిటికీ బయట నన్ను చూసింది.

"బిడ్డా, గీ దస్తీ నీదేనా? మనిషస్తదా?"

"రాదవ్వా" అన్నాను. "కూసో."

ఆమె గంప దించుకుని కూర్చుంది. బస్సు కదిలేలోపు నా దస్తీని ఒళ్ళో పరిచి, నాలుగు మడతలు పెట్టి, కిటికీలోంచి నా చేతికిచ్చింది.